శుభం తర్వాతి రీలు

నేను ఒక సినిమా రీలును. పదహారు రీళ్ళ బొమ్మలో పదిహేనోదాన్ని. మొదటి రీలుకు పేర్లు వేసే దర్జా ఉంటుంది, చివరిదానికి శుభం కార్డు ఉంటుంది, మధ్యలోవాటికి పాటలో పోట్లాటలో దక్కుతాయి. పదిహేనో రీలు వచ్చేసరికి సగంమంది కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. అలాంటి నా గురించి ఇద్దరు పెద్దమనుషులు కొన్నేళ్ళపాటు ఎడమొహం పెడమొహంగా ఉన్నారంటే మీరు నమ్మకపోవచ్చు. మనుషుల సంగతి మీకంటే నేను ఎక్కువ చూశాను కాబట్టి, చెబుతాను వినండి.

మా సినిమా పేరు 'కాలరథం'. నలుపు తెలుపు బొమ్మ. తెలుగులో సైన్సు కథేమిటని అందరూ నవ్వుతున్న రోజుల్లో మద్రాసులో ఒక దర్శకుడు పట్టుబట్టి తీశాడు. రథమంటే గుర్రాలుంటాయనుకునేరు. రేకులు వంచి, వెండిరంగు పూసి, లోపల రేడియో బల్బులు బిగించిన పెద్ద పీపా అది. కథ మాత్రం చిన్నదే. దివాకరం అనే సైంటిస్టు భార్య శారద జబ్బుచేసి పోతుంది. ఆమెను మళ్ళీ చూడాలని అతను కాలంలో వెనక్కి వెళ్ళే రథం కట్టి, అందులో ఎక్కుతాడు. అక్కడికి పద్నాలుగో రీలు సరి.

నేను మొదలయ్యేసరికి దివాకరం తన ఇంటి తలుపే తడుతూ ఉంటాడు. శారద తలుపు తీసి, "ఇంత ఆలస్యమైందేం? అన్నం చల్లారిపోయింది," అంటుంది. అతను కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంటాడు. ఆమె వడ్డిస్తుంది. మజ్జిగన్నం దాకా వచ్చాక ఆమె దీపం తగ్గిస్తుంది. నాలో ఉన్నది అంతే, ఒక భోజనం. పదహారో రీల్లో అతను రథం దిగేసరికి ఇల్లు ఖాళీ, గోడమీద దండ వేసిన ఫోటో. సుత్తి తీసుకుని రథాన్ని పగలగొట్టి గడపమీద కూలబడతాడు. అతని మీదే 'శుభం' అని పడుతుంది. హాలంతా ముక్కు చీదుకుంటుంటే శుభమేమిటని అడక్కండి. ఆ రోజుల్లో ఆ కార్డు పడకపోతే జనం లేచేవారు కాదు.

సినిమా ఆడలేదు. రెండోవారంలో పంపిణీదార్లు కత్తెర చేతబట్టారు. భోజనం సీనులో పాటా లేదు, పోట్లాటా లేదు, నిడివి దండగ అని తేల్చి, పట్నాల్లో ఆడుతున్న ప్రింట్లలోంచి పదిహేనో రీలును డబ్బాతో సహా తీసి పక్కన పెట్టించారు. కథకు అడ్డం రాలేదు కూడా. దివాకరం రథం ఎక్కుతాడు, దిగుతాడు, ఇల్లు ఖాళీ. బొమ్మ కాకినాడకు వచ్చిందే కత్తెర పడ్డాక, వాళ్ళు చూసిన కాలరథం ఇదే. తర్వాత టీవీల్లో వచ్చిందీ, క్యాసెట్లుగా అమ్మిందీ ఇదే. మిగతా ప్రింట్లలో నా తోబుట్టువులైన పదిహేనో రీళ్ళన్నీ అలా మూలపడ్డాయి. మా ప్రింటు అప్పటికే చిన్న ఊళ్ళ దారి పట్టడంతో నేనొక్కదాన్నీ బతికిపోయాను.

మా పెట్టె రామచంద్రపురంలో మంగళగౌరి టాకీసుకు బస్సు టాపు మీద చేరింది. ఆ హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త బొమ్మ వస్తే పెట్టెను డప్పులతో ఊరేగించి, హాలు ముందు దింపి, యజమాని వీర్రాజు గారి భార్య స్వయంగా హారతి ఇస్తుంది. పెట్టె తెరవగానే పైనున్న డబ్బాలకు పసుపు రాసి, నూనెలో కలిపిన కుంకుమ బొట్లు పెడుతుంది. చివరి రీళ్ళే పైన సర్దుతారు కాబట్టి ఆ భాగ్యం నాకూ పదహారోదానికీ దక్కింది. ఆవిడ చేతికి ధారాళం ఎక్కువ. మా మూతల మీద ఇంకుతో వేసిన అంకెల్లో ముందున్న ఒకటి మాత్రం బయటికి కనిపిస్తోంది. దాని పక్కనున్న అయిదూ ఆరూ రూపాయి బిళ్ళంత బొట్ల కింద మునిగిపోయాయి.

ఆపరేటరు కన్నయ్య మూతలు గీకి చూద్దామనుకున్నాడు గానీ, పూజచేసిన డబ్బాను షో మొదలవకముందే గీకితే అమ్మగారు ఊరుకోదు. హాల్లో ఈలలు మొదలయ్యాయి. ఏదైతేనేం అనుకుని చేతికందిన వరసలో పెట్టుకున్నాడు. ఆ మ్యాట్నీలో పద్నాలుగో రీలు తర్వాత పదహారోది తిరిగింది. రథం పగిలింది, శుభం పడింది. గేటువాళ్ళు తలుపులు తీసేశారు, ఎండ లోపలికి వచ్చింది, జనం లేచారు. కన్నయ్య నోరు తెరుచుకుని చూస్తూండగానే రెండో మెషీను మీద నేను తిరగడం మొదలుపెట్టాను.

తెరమీద తలుపు చప్పుడైంది. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే వెనక్కి తిరిగారు. చనిపోయిన శారద తలుపు తీసింది. ఎవరో "తలుపులేసెయ్యండ్రా!" అని గేటువాళ్ళ మీద అరిచారు. అందరూ కూర్చున్నారు. అన్నం పెట్టడం తప్ప ఏమీ జరగని నన్ను ఆ ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. నేను అయిపోయాక చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు పడటం అదే మొదలు. వీర్రాజు గారు రొప్పుకుంటూ క్యాబిన్ మెట్లెక్కాడు. ఉద్యోగం ఊడిందనుకుని కన్నయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఒరే కన్నయ్యా, జనం ఏడుత్తా నవ్వుతున్నార్రా! ఎలా వేశావో అలాగే ఉంచు. చెయ్యెట్టేవంటే ఊరుకోను," అన్నాడు వీర్రాజు.

ఆ మ్యాట్నీ చూసినవాళ్ళలో సూరిబాబు ఒకడు. గోదావరి లాంచీల మీద టిక్కెట్లు కోసే ఉద్యోగం. సినిమాల పిచ్చి. సాయంత్రం ఫస్టు షోకి చెల్లెలు భ్రమరాంబను వెంటబెట్టుకుని వచ్చి బెంచీ క్లాసులో కూర్చున్నాడు. శుభం పడగానే ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లేవబోయింది. సూరిబాబు చెయ్యి పట్టి లాగాడు.

"కూర్చోవే బుల్లీ! శుభం తర్వాత కూడా ఉంది," అన్నాడు.

ఆ ఏడాది వరదల్లో అతను ఎక్కిన లాంచీ మునిగింది. మనిషి దొరకలేదు. ఆ ఇంట్లో అతని ఫోటోకు దండ వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. తలుపు చప్పుడైతే భ్రమరాంబ ఒక్క ఉదుటున లేచేది. ఆమెకు అన్నయ్య మిగిల్చిపోయినవి రెండే: ఆ మాట ఒకటి, నేనొకదాన్ని.

అప్పట్లో నాకిదేమీ తెలియదు. తర్వాతి ఊళ్ళో ఆపరేటరు కళ్ళద్దాలు పెట్టుకుని, ఫిల్ము వెలుగుకు పట్టి చూసి, మమ్మల్ని మళ్ళీ సరైన వరసలో వేశాడు. నేను శుభానికి ముందుకు వచ్చేశాను. ఇక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊరూరా తిరిగి, గీతలు పడి, కాకినాడలో కరీముల్లా పాతసామాన్ల కొట్టుకు చేరాం. నలుపు తెలుపు ఫిల్ముల్లో వెండి ఉంటుంది. మీరు వెండితెర అని మురిసిపోతారు గానీ, అసలు వెండి మాలో ఉందని పాతసామాన్లవాడికే తెలుసు. నా తోటివన్నీ ఆ వెండి కోసం మందునీళ్ళలో మునిగాయి. పదహారోదాని మూత దారిలోనే ఎక్కడో పోయింది, దాని బొట్టు కూడా దానితోనే పోయింది. నా వంతు వచ్చినప్పుడు కరీముల్లా భార్య ఫాతిమా బీ నా మూత చూసింది.

"పసుపూ కుంకం పెట్టున్నారు చూడండి. ఎవురో మొక్కుకున్న డబ్బా. మనది కాపోతే మాత్రం మొక్కు మొక్కే కదా, కరిగించమాకండి," అంది.

అటక ఎక్కించారు. నా వరస తప్పించిన బొట్టే నా ప్రాణం కాపాడింది. అటక మీద చాలాకాలం దాని గురించే ఆలోచించాను.

ఇంతలో కాకినాడలో 'కాలరథం అభిమాన సంఘం' వెలిసింది. విడుదలైనప్పుడు ఎవరూ చూడని సినిమాను, టీవీలో వచ్చాక అందరూ మహాకావ్యం అన్నారు. మనుషుల సంగతే అంత. ఆదివారం ఆదివారం లైబ్రరీ వరండాలో చేరి దాన్ని చీల్చి చెండాడేవారు. రథంలో ఒక పాట ఉండేదని ఒకాయన, లేదని ఇంకొకాయన. చివర్లో రంగుల ముక్క ఉందని ఒకాయన ఒట్టు కూడా వేశాడు. ఈ వాదనలన్నీ తర్వాత సంఘం బీరువాలో కూర్చుని నేను విన్నవే. ఒకసారి వాదించిన దాన్ని ఒక్కసారితో వదిలిపెట్టే మనుషులు కారు వాళ్ళు.

సంఘానికి పెద్ద జోగారావు గారు. గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. పెట్టెల వరస తప్పితే రైలు కదలనివ్వని మనిషి. విడుదలైన రోజుల్లో కాకినాడలో నాలుగుసార్లు చూశారు కాబట్టి కాలరథం మీద ఆయన మాటే చట్టం. ఆ చట్టానికి ఎదురు నిలిచింది ఒక్కరే, అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన భ్రమరాంబ గారు. బుల్లికి జుట్టు తెల్లబడింది.

"శుభం పడ్డాక శారద తలుపు తీస్తుందండి. అన్నం పెడుతుంది. నేను చూశాను," అనేది ఆవిడ.

"చచ్చిపోయినావిడ అన్నం ఎట్టడవేటండీ! అందులోనూ శుభం అయ్యాకా? మీరు చిన్నపిల్ల అప్పుడు. కలగన్నారండి, ఆయ్," అనేవారు జోగారావు గారు.

సంఘం పత్రికలో ఆయన వ్యాసం కూడా రాశారు, ఆ సీను ఉందనడం పుకారని. అందరినీ అన్నయ్యగారూ అని నోరారా పిలిచే ఊళ్ళో ఆవిడ ఎవరినీ అలా పిలవదు. జోగారావు గారిని 'గార్డు గారూ' అనేది. ఆ వ్యాసం వచ్చాక అదీ మానేసింది. అయినా ప్రతి ఆదివారం వచ్చేది. తనతోపాటు ఆ సీను చూసినవాళ్ళు ఒక్కరైనా దొరుకుతారేమోనని. తను చూడలేదంటే, అన్నయ్య అలా అననేలేదని కదా అర్థం.

పాత వాల్‌పోస్టర్ల కోసం జోగారావు గారు కరీముల్లా కొట్టుకు వెళుతుంటారు. కొట్టు పడగొట్టి కడుతుంటే అటక ఖాళీచేశారు. ఫాతిమా బీ నన్ను ఆయన చేతికిచ్చి, "మీ దేవుడి డబ్బా ఏమో చూడండి సార్," అంది. ఆయన నన్ను ఇంటికి తెచ్చి, కొంత విప్పి కిటికీ వెలుగుకు పట్టారు. పీట, విస్తరి, శారద చెయ్యి. అదే ముక్కను మళ్ళీ మళ్ళీ పట్టి చూశారు. చాలాసేపటికి మూత తీసుకుని బొటనవేలి గోరుతో కుంకుమ గీకారు. ఒకటి పక్కన అయిదు బయటపడింది. వరసలతో బతికిన మనిషికి అంతకన్నా ఎవరూ చెప్పనక్కర్లేదు. నన్ను అవతల పారేసి ఊరుకుంటే ఆయన వ్యాసం నిలిచేది. కానీ ఆదివారం దాకా కూడా ఆగలేదు. నన్ను సంచిలో వేసుకుని భ్రమరాంబ గారింటికి వెళ్ళారు.

"సీను ఉందమ్మా. తప్పు నాదే, అందరి ముందూ ఒప్పుకుంటాను. కానీ అది శుభం తర్వాత కాదండి, ముందు. మీ హాల్లో పసుపు కుంకాల కింద అంకె మునిగిపోయి ఎనకా ముందూ వేసేశారు. అదీ సంగతి."

ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుంది. మూత మీద మిగిలిన ఎర్రటి మరక తడిమింది.

"ఆపరేటరు పొరపాటన్నమాట," అంది మెల్లగా. "అయితే మా అన్నయ్య చెప్పింది కూడా పొరపాటేనాండి?"

"ఏం చెప్పాడమ్మా?"

అప్పుడు చెప్పింది, చెయ్యి పట్టి లాగడం, ఆ మాట, లాంచీ, దొరకని మనిషి. ఎవరికీ చెప్పనిదంతా గార్డు గారికి చెప్పింది. వింటూ నేనూ మొదటిసారి తెలుసుకున్నాను, నన్ను ఎవరు ఎలా చూశారో. జోగారావు గారు వస్తానమ్మా అని కూడా అనకుండా లేచి వెళ్ళిపోయారు.

కల్యాణమండపంగా మారబోతున్న ఒక పాత హాలువాళ్ళు సంఘానికి ఒక ఉదయం ఆట ఇచ్చారు. ఎవరో పాత పంపిణీదారు గోడౌనులో కాలరథం దొరికింది, పదిహేనోది తప్ప అన్నీ. ఆ ఖాళీలో నేను కూర్చున్నాను. దర్శకుడు తీసిన వరసలో, ఒక్క ముక్క తగ్గకుండా, ఆ సినిమాను ఆ జనం చూడటం అదే మొదటిసారి. పద్నాలుగు అయింది, నేను తిరిగాను, శారద అన్నం పెట్టింది. తర్వాత పదహారోది. ఖాళీ ఇల్లు, దండ, సుత్తి. నా తర్వాత వస్తే ఆ ఖాళీ మరీ ఘోరంగా ఉంది. శుభం పడింది. అభిమానులు చప్పట్లు కొట్టి, అప్పుడే వాదించుకుంటూ లేచారు. భ్రమరాంబ గారు కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

వెనక నుంచి జోగారావు గారు గొంతెత్తారు. రైలు ఆపడానికి అలవాటైన గొంతు అది.

"లేవకండమ్మా! శుభం తర్వాత కూడా ఉంది."

క్యాబిన్‌లో నన్ను మళ్ళీ చుట్టి మెషీను మీదికి ఎక్కించి ఉంచారు. అది ఆయన ముందే చెప్పి చేయించిన పని. వరస తప్పడం కోసం ఆ మనిషి ఎవరినైనా బతిమాలడం జీవితంలో అదొక్కసారే అయ్యుంటుంది. జనం నిలబడ్డట్టే వెనక్కి తిరిగారు. భ్రమరాంబ గారు ఆయనవంక చూసింది. తర్వాత పక్క కుర్చీ మీద చెయ్యి వేసి చూపించింది.

"మీరూ కూర్చోండి, అన్నయ్యగారూ," అంది.

తెరమీద తలుపు చప్పుడైంది. "ఇంత ఆలస్యమైందేం? అన్నం చల్లారిపోయింది," అంది శారద. భ్రమరాంబ గారు నవ్వుతూ ఏడ్చింది. ఈసారి నాకు చప్పట్లు పడలేదు. అదే బాగుంది.

ఇప్పుడు నేను సంఘం బీరువాలో ఉన్నాను. గీతలు పెరిగాయి, అంచులు ముడుచుకున్నాయి, ఇంకొక్కసారి తిప్పితే తెగుతానేమో. బయట వరండాలో వాదన ఇంకా సాగుతూనే ఉంది, ఏ వరస అసలైనదని. జోగారావు గారు మాత్రం అందులో తలదూర్చడం లేదు. నా మూత మీద కొత్త చీటీ అంటించి, తన గుండ్రటి అక్షరాలతో రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు. పైన 'పదిహేను' అని ఉంటుంది. దాని కింద, 'రామచంద్రపురంలో పదిహేడు'.