నాలుగు నిమిషాల పది సెకన్లు

అల్మారాలు చేసే ఆ కార్ఖానాలో అందరూ ఆమెను కొలతలమ్మాయి అనేవారు. పదేళ్ళ కిందట చేరినప్పుడు పెట్టిన పేరది. ఆమెకు ముప్ఫై మూడేళ్ళు వచ్చినా పేరుకు మాత్రం వయసు రాలేదు. కార్ఖానా ఆమె బాబాయిది. కొనేవాళ్ళు ఇచ్చిన కొలతలు కంప్యూటర్లోకి ఎక్కించడం, ఒక్కో పెద్ద చెక్క పలకలోంచి ఏ ముక్క ఎక్కడ కోస్తే తక్కువ వృథా అవుతుందో దానిచేత లెక్క వేయించడం, ఆ జాబితా అచ్చు తీసి రంపం దగ్గరికి పంపడం ఆమె పని.

ఒక సోమవారం బాబాయి పెద్ద అట్టపెట్టె తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అందులో కొత్త కంప్యూటరు. పది రోజులు వాడి చూసుకోమని దుకాణంవాడు ఇచ్చాడట. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు.

"పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడు. ఏది ఎంతసేపట్లో చేస్తోందో ఒక కాగితం మీద రాసివ్వు. నువ్వు ఏది మేలంటే అదే," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి గొంతు తగ్గించాడు. "కొత్తది ఉంచుకుంటే పెద్ద మేస్త్రికి కూడా ఇక విశ్రాంతి ఇచ్చేద్దాం. ఆ నాలుగు నిమిషాల కోసమేగా ఆయన్ని కూర్చోబెట్టింది."

ఆ నాలుగు నిమిషాల కథ ఇది. పాత కంప్యూటరుకు తొమ్మిదేళ్ళు. లెక్క మొదలుపెట్టమని మీట నొక్కితే నాలుగు నిమిషాలకు పైనే తీసుకుంటుంది. ఈలోగా దానికి ఇంకో పని చెబితే అలిగి మొత్తానికే ఆగిపోతుంది. అందుకని పెద్ద మేస్త్రి తన ఎత్తుపీట జరుపుకుని పక్కన కూర్చుని "చదువమ్మా" అనేవాడు. ఆమె జాబితా పైకి చదివేది. ఆయన ఒక కాగితం చేతిలో పట్టుకుని, దాని వైపే చూస్తూ వినేవాడు. మధ్యలో ఎక్కడో "మళ్ళీ చదువు" అనేవాడు. మళ్ళీ చదివితే ఆ వరుసలో తప్పు దొరికేది, సున్నా ఎక్కువ పడటమో, అంకెలు తారుమారవడమో. నలభై ఏళ్ళు రంపం పట్టిన చేతులు వణకడం మొదలయ్యాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

కొలతలమ్మాయికి కొత్తదే కావాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు. పొద్దున్నే పాతదాని మీట నొక్కి, అది కళ్ళు తెరిచేలోగా గది ఊడ్చుకుని రావచ్చు. అయినా ఆమె పక్షపాతం చూపలేదు. పాతదానికీ న్యాయం జరగాలని దానికి కొత్తరకం డిస్కు వేయించింది, మెమరీ పెంచింది. మూడు నిమిషాలకు లేచేది నలభై సెకన్లకే లేచి కూర్చుంది. మోకాళ్ళకు మందు రాస్తే లేవడం త్వరగా లేచింది గానీ, లెక్క దగ్గరికి వచ్చేసరికి నడక మళ్ళీ పాతదే. లెక్క వేసేది ప్రాసెసరు. దాన్ని మార్చాలంటే అది కూర్చునే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే మెమరీ మార్చాలి, అప్పుడిక పాతదని చెప్పుకోవడానికి రేకు డబ్బా తప్ప మిగిలేది ఏమీ లేదు.

ఒకే జాబితాను రెంటికీ ఇచ్చి చూసింది. పాతది నాలుగు నిమిషాల పది సెకన్లు. కొత్తది ఆరు సెకన్లు. నమ్మకం చాలక మూడుసార్లు చూసింది. కరెంటు ఖర్చులో కూడా కొత్తదే నయం. రొద అసలే లేదు. తలుపుల లెక్కకు ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమేనని ఆమెకే అనిపించింది.

పెద్ద మేస్త్రి పీట మీద కూర్చుని ఇదంతా విన్నాడు. "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది మేస్త్రిగారూ."

"కొత్తొక వింత, పాతొక రోత అన్నారు." నవ్వాడు. "ఇంట్లో కూర్చోవడానికి నాకేం కష్టం లేదమ్మా. కూర్చుని ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళే ఎవరూ లేరు."

ఆ మాట ఆమెను గుచ్చింది. తెర వైపు తిరిగింది.

ఆరో రోజున ఒక గ్రంథాలయం పని వచ్చింది. నలభై రెండు అల్మారా తలుపులు. కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉంది. కొలత చెప్పేటప్పుడు ముందు చెప్పే అంకె ఎప్పుడూ చెక్క మీది చారలు నడిచే దిక్కు. తలుపుకైతే ముందు ఎత్తు చెప్పాలి. చారలు నిలువుగా వస్తాయి. గ్రంథాలయం వాళ్ళకు మన కట్టుబాటు ఎలా తెలుస్తుంది? వాళ్ళ కాగితంలో ముందు వెడల్పు ఉంది. ఆమె ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది. మీట నొక్కింది. ఆరు సెకన్లు.

బాబాయి అల్లుడు, ఆమెకు వరసకు బావ, రంపం దగ్గర పనిచేస్తాడు. నోరు ఊరుకోని మనిషి. కిటికీలోంచి చెయ్యి చాపాడు. "ఏం మరదలా, ఇంకా వండుతున్నావా, వడ్డిస్తావా?"

"ఇదిగో, వేడివేడిగా," అంటూ కాగితం చేతిలో పెట్టింది. అంత తొందరగా ఒక జాబితా రంపం చేరడం కార్ఖానా పుట్టాక అదే మొదటిసారి. పెద్ద మేస్త్రి పీట జరుపుకునే లోపే రంపం మోగింది.

సాయంత్రానికి నలభై రెండు తలుపులూ గోడకు ఆనించి ఉన్నాయి. కొలత వెంట్రుకవాసి తేడా లేదు. చారలు మాత్రం అన్నిటికీ అడ్డంగా ఉన్నాయి.

బాబాయి ఒక తలుపు చారల మీద వేలు నడిపాడు. "ఇదేమిటి? కొత్త పెట్టె తిరగేసి లెక్క వేసిందా? అలాగైతే రేపే ఆ దుకాణంవాడి మొహాన కొట్టి వస్తాను."

అవును అంటే చాలు. పెట్టె వెనక్కి పోతుంది, పెద్ద మేస్త్రి పీట కదలదు, ఆమె మీద మచ్చ పడదు. ఒక్క మాటకు మూడు లాభాలు. అవును అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పది రోజుల పరీక్ష చేస్తున్నది ఆమె. తూకం వేసేవాడే తక్కెడ నొక్కితే ఇక తూచడం ఎందుకు?

"పెట్టె తప్పు కాదు బాబాయ్. ముందు వెడల్పు ఎక్కించింది నేనే."

బాబాయి ఒక తలుపు తిప్పి చూసి, మళ్ళీ గోడకు ఆనించాడు. తిడితే బాగుండునని ఆమెకు ఏడుపు వచ్చింది.

మర్నాడు పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. "మీరు చూసి ఉంటే పట్టుకునేవారు."

"నేను చూడటమా?" పెద్దాయన చుట్టూ ఎవరూ లేరని నిర్ధారించుకున్నాడు. "అంకెలు అలికేసినట్టు కనిపించబట్టి రెండేళ్ళయిందమ్మా."

"మరి ఆ కాగితం?"

"చేతులు వణకకుండా ఏదో ఒకటి పట్టుకోవాలిగా."

"తప్పులెలా పట్టారు మరి?"

"నేనెక్కడ పట్టాను, పట్టింది నువ్వే. తప్పున్న చోట నీ గొంతు తడబడుతుంది. నీకు తెలీదు, నాకు వినిపిస్తుంది. మళ్ళీ చదవమంటాను, అంతే." దగ్గరికి వంగి అన్నాడు, "మీ బాబాయితో అనకు. చేతులు పోయాయనే తెలుసు. కళ్ళు కూడా పోయాయంటే మరీ బాగోదు."

ఆమె నమ్మలేదు. నిన్నటి తప్పు వరుసను ఇంకో జాబితా మధ్యలో కలిపి, ఏ తేడా రాకుండా గబగబా చదివింది. గ్రంథాలయం తలుపుల వరుస దాటుతుండగానే ఆయన వేలు లేచింది. "అక్కడ. మళ్ళీ చదువు."

తన గొంతు ఎక్కడ ఆగిందో ఆమెకు నిజంగానే తెలియలేదు. రెండేళ్ళుగా ఆయన ఒక్క అంకెనూ వినలేదు, తననే విన్నాడు. ఆమెకు సిగ్గు వేసింది, సంతోషమూ వేసింది.

తొమ్మిదో రోజున కాగితం రాసి బాబాయికి ఇచ్చింది. లేవడం, రొద, కరెంటు అన్నీ రాసింది. లెక్క వేయడం దగ్గర ఇలా ఉంది: పాతది నాలుగు నిమిషాల పది సెకన్లు, పెద్ద మేస్త్రికి చదివి వినిపించడం అందులోనే కలిసిపోతుంది. కొత్తది ఆరు సెకన్లు, చదివి వినిపించడానికి విడిగా నాలుగు నిమిషాలు. మొత్తం నాలుగు నిమిషాల ఆరు సెకన్లు. లాభం నాలుగు సెకన్లు.

బాబాయి రెండుసార్లు చదివాడు. "నాలుగు సెకన్ల కోసం ఇంత పోసి కొనాలా?"

"పాతది ఇవాళో రేపో ఆగిపోతుంది కాబట్టి కొనాలి. పొద్దున్నే లేవడానికి, కరెంటుకి కొనాలి. కోత తొందర కోసమైతే వద్దు."

"చదవడం మానేస్తే?"

"గోడ వైపు చూడు బాబాయ్."

బాబాయి గోడ వైపు చూడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు.

పదో రోజు పొద్దున పాత కంప్యూటరు బల్ల కింద ఉంది, కొత్తది బల్ల మీద. ఎత్తుపీట కనిపించలేదు. ఆమె బల్ల వెనకా తలుపు వెనకా చూసింది. తర్వాత పని మొదలుపెట్టింది. కొలతలు ఎక్కించింది, మీట నొక్కింది, ఆరు సెకన్లు. కిటికీలోంచి బావ చెయ్యి చాపాడు.

"ఆగు," అన్నాడు బాబాయి వెనకనుంచి. ఒక చేత్తో పీట పట్టుకుని ఉన్నాడు. కాలు ఊగుతోందని బిగించడానికి తీసుకెళ్ళాడట. రెండో చేతి ఆసరాతో పెద్ద మేస్త్రి వస్తున్నాడు. పీట వేసి ఆయన్ని కూర్చోబెట్టి, అచ్చయిన జాబితా తీసి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని శ్రద్ధగా చూడసాగాడు. కాగితం తలకిందులుగా ఉంది.

బాబాయి ఆ కాగితాన్ని చూశాడు, ఆయన మొహం చూశాడు. ఏమీ ఎరగనట్టు వంగి, కాగితాన్ని ఆయన చేతుల్లోనే తిన్నగా తిప్పి పెట్టాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

"ఆ రంపం ఆపవయ్యా అల్లుడూ. ఆయనకి వినపడాలి."

రంపం ఆగింది. పెద్ద మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"చదువమ్మా," అన్నాడు.