గులాబీ కుండీలో అల్లెలూయా

ఆ ఇంట్లో ఏటా ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే ముందురోజు ఒక మాటను పాతిపెడతారు. ఆ మాట అల్లెలూయా, అంటే దేవుడికి స్తోత్రమని. ఈస్టరు వచ్చేదాకా గుడిలో దాన్ని పాడరు, పలకరు. ఆ సంగతి పిల్లల బుర్రకెక్కాలని తల్లి ఈ పద్ధతి పెట్టింది. పిల్లలు కాగితం మీద అల్లెలూయా అని రాసి, రంగులు పూసి, రేకు డబ్బాలో పెట్టి ఇస్తారు. తల్లి దాన్ని ఎవరి కంటా పడకుండా ఎక్కడో పూడుస్తుంది. ఈస్టరు పొద్దున పూజకు వెళ్లేముందు వెతికి తీస్తారు. అన్నాళ్లూ ఆ మాట నోరు జారకుండా నిలబడ్డవాళ్లే దాన్ని మొదట చదవాలి.

ఏడేళ్ల పెద్దపిల్లను ఇంటిల్లిపాదీ ఇన్‌స్పెక్టరనే పిలుస్తారు. ఎవరు ఎక్కడ తప్పుతారా అని కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంటుంది మరి. నాలుగేళ్ల చిట్టి మూడో రోజే మెట్ల మీద నిలబడి గొంతు చించుకుని ఆ మాట అరిచి పోటీ నుంచి తప్పుకుంది. తండ్రిది బేకరీలో పని. రెండు రోజులు మొరాయించిన పొయ్యి మళ్లీ వెలిగేసరికి సంతోషం పట్టలేక అనేశాడు, పైగా ఇంటికొచ్చి ఒప్పుకున్నాడు. డబ్బా దాచేది తల్లి కాబట్టి ఆమె పోటీలో లేదు. ఇక మిగిలింది ఇన్‌స్పెక్టరే. పోయినేడు ఈస్టరుకు సరిగ్గా వారం ముందు, మట్టల ఆదివారం నాడు నోరు జారి రోజంతా ఏడ్చిన పిల్ల, ఈ ఏడు పెదవులు బిగించుకుని చివరిదాకా వచ్చింది.

ఈస్టరు రేపనగా, పవిత్ర శనివారం మధ్యాహ్నం తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని పిల్లల తెల్లగౌన్లకు అంచులు మడుస్తోంది. ఊరందరి బట్టలూ కుట్టి ఇచ్చాక గానీ సొంత పిల్లల వంతు రాదు, అది ఆ వృత్తికున్న శాపం. దారం తెగితే తలెత్తి బాల్కనీ వైపు చూసింది. గట్టు మీద ఐదు కుండీలున్నాయి. ఆరోది ఉండాల్సిన చోట గుండ్రటి మట్టి మరక మాత్రం ఉంది. డబ్బా పాతింది ఆ ఆరో కుండీలోనే!

ఆ కుండీ కింది వాటాలో ఉంది. అక్కడుండే గడియారాలు బాగుచేసే పెద్దాయన భార్య తపస్సుకాలం మూడో వారంలో పోయింది. అందరూ ఆమెను పాటల మామ్మ అనేవారు. గుడిలో పిల్లలకు పాటలు నేర్పింది ఆవిడే, ఇన్‌స్పెక్టరు కూడా ఆవిడ శిష్యురాలే. ఆ వార్త విన్న రోజు తల్లి వట్టి చేతులతో ఎలా వెళ్లాలో తోచక, మొగ్గ తొడిగిన గులాబీ కనబడితే కుండీ ఎత్తుకుని తీసుకెళ్లి ఇచ్చేసింది. లోపల డబ్బా ఉందన్న ధ్యాసే లేదు. ఆ తర్వాత పెద్దాయన గుమ్మం దాటింది లేదు. గుడికీ రాలేదు.

సాయంత్రం భర్త కనుబొమలకు పిండితో ఇల్లు చేరి, సంగతంతా విని, తేలిగ్గా తీసిపారేశాడు.

"ఇంకో కాగితం రాసి ఇంకో కుండీలో పెట్టెయ్. ఎవరు కనిపెడతారు?"

"ఎవరా? మన ఇన్‌స్పెక్టరు!"

"అమ్మో, అదొకటుందిగా" అని అతను చల్లగా స్నానానికి జారుకున్నాడు.

అయినా ఆమె కాగితం కత్తిరించింది, పెన్సిలు పట్టింది. ఒక్క అక్షరం ముందుకు సాగలేదు. అన్ని రోజులు నోరు కట్టుకున్న పిల్లకు దొంగకాగితం చేతిలో పెట్టాలంటే సిగ్గేసింది. దుఃఖంలో ఉన్న మనిషి తలుపు తట్టి, ఇచ్చిన మొక్కను తవ్వుతామని అడగాలన్నా సిగ్గే. చివరికి కూతుర్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఇన్‌స్పెక్టరు కింది పెదవి వణికింది.

"అమ్మా, తవ్వితే మొక్క చచ్చిపోతుందా?"

"పోవచ్చే. వేళ్లు డబ్బాను చుట్టేసుకుని ఉంటాయి."

"మరైతే తాతయ్యనే తియ్యమందాం. ఆయన గడియారంలోంచి ఇంతింత చక్రాలు తీస్తాడుగా, ఏదీ విరక్కుండా."

ఆ ఆలోచన తనకెందుకు రాలేదో తల్లికి అర్థం కాలేదు. కూతురి ముఖం చూస్తే ముచ్చటేసింది.

మర్నాడు తెల్లారగానే తెల్లగౌన్లలో పిల్లలూ, వాళ్ల వెనకే అమ్మానాన్నలూ కింది వాటా తలుపు తట్టారు. పెద్దాయన నలిగిన చొక్కాతో తలుపు తీశాడు. కుండీ కిటికీ దగ్గరుంది, మట్టి తడిగా ఉంది, గులాబీ విచ్చుకుని ఉంది.

"బాబాయ్‌గారూ, పండగపూట మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాం..." అని తల్లి నసుగుతుంటే, కూతురు అడ్డొచ్చింది.

"తాతయ్యా, మీ కుండీలో మా డబ్బా ఉంది. మొక్క చావకుండా తీసిపెట్టాలి. మీకే వచ్చు."

పెద్దాయన ఆ పిల్లను ఎగాదిగా చూశాడు. ఎవరైనా ఆయనకు పని చెప్పి ఎన్నాళ్లయిందో! లోపలికెళ్లి పనిముట్ల సంచి తెచ్చాడు. కంటికి భూతద్దం బిగించి, సన్నటి పట్టకారు, కుంచె పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. కుంచెతో మట్టి తోశాడు, పట్టకారుతో వేరు వెంట వేరు విప్పాడు. దారం లాంటి వేరొకటి డబ్బా మూతలో ఇరుక్కుంటే దాని కోసమే ఐదు నిమిషాలు పట్టింది. పూజకు వేళ మించిపోతోందని తండ్రికి తెలుసు, అయినా తొందరపెట్టలేదు. చిట్టి కూడా ఊపిరి బిగబట్టి చూసింది. ముడతలు పడ్డ ఆ చేతులు ఒక్కసారీ వణకలేదు. తల్లి చేసేదీ చేతిపనే కాబట్టి ఆ నేర్పు విలువ ఆమెకు తెలుసు. ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది.

డబ్బా బయటికొచ్చింది. ఒక్క వేరూ తెగలేదు. లోపల కాగితం చెమ్మగిల్లి రంగులు కలిసిపోయాయి గానీ అక్షరాలు చెదరలేదు. ఇన్‌స్పెక్టరు దాన్ని రెండు చేతులా పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. కాగితాన్ని పెద్దాయన ముందు పెట్టింది.

"ముందు మీరు చదవండి."

"నేనా? ఇన్నాళ్లు ఉగ్గబట్టుకుంది నువ్వు కదమ్మా?"

"మామ్మను సమాధి చెయ్యడానికి తీసుకెళ్లిన రోజు మేం ఇది పాడలేదు తాతయ్యా. తపస్సుకాలం కదా, పాడకూడదన్నారు. మామ్మకు ఇదే ఇష్టం. మామ్మకు పాడకుండా ఉండిపోయింది."

ఇదంతా ఆ పసిది ఎప్పుడు గమనించిందో, ఎన్నాళ్లు మోసిందో తల్లికి తెలియదు.

పెద్దాయన కంటికున్న భూతద్దం తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది అద్దాన్ని కాదని అందరికీ తెలుసు. ఆయన గొంతు సంగతి కూడా అందరికీ తెలుసు. "నువ్వు గడియారాలు చూసుకో, పాట నాకొదిలెయ్" అని పాటల మామ్మ గుడిలో ఆయన్ను ఎప్పుడూ చివరి వరసలో కూర్చోబెట్టేది. అలాంటి మనిషి ఇప్పుడు కాగితాన్ని చదవలేదు, పాడాడు. మామ్మ పాడే రాగంలోనే, ఆ కిటికీ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, అల్లెలూయా అని మూడుసార్లు పాడాడు. మొదటిసారి శ్రుతి తప్పింది, రెండోసారి తాళం తప్పింది, మూడోసారి గొంతు పూర్తిగా చీలిపోయింది.

ఇన్‌స్పెక్టరు ఆయన చెయ్యి పట్టుకుని చివరిదాకా వింది. ఒక్క తప్పు కూడా పట్టలేదు.