కుందేలమ్మ నవ్వు

"ఆదివారమేగా, ఖాళీయేగా, కూర్చుని కుట్టెయ్," అన్నాడు భర్త సోఫాలోంచి లేవకుండా. ఖాళీ అంటే ఏమిటో పదకొండేళ్ల కాపురంలో ఆమెకి ఇంకా అంతుపట్టలేదు. పొద్దుట్నుంచీ రెండు వాయిల బట్టలు ఉతికి, ఫ్రిజ్ కడిగి, అత్తగారి మోకాళ్లకి మందు రాసి, అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలు తోమింది. ఆ తర్వాత ఏమైనా మిగిలితే దాన్ని ఆ ఇంట్లో ఖాళీ అంటారు.

కుట్టాల్సింది కూతురి కుందేలు వేషం. ఏడేళ్ల పిల్ల, శుక్రవారం బడిలో నాటకం. తెల్లటి చొక్కా మీద నలభై బొచ్చు కుచ్చులు, ఒక్కోదానికి ఒక్కో టిచ్‌బటన్. స్టేజీ మీద పిల్ల వాటిని పీకి ఇస్తూ ఉంటే టప్పుమని ఊడి రావాలట.

కుందేలమ్మ కథంటే చిన్నప్పుడు ఆమెకి ప్రాణం. చలికాలం వస్తుంది. కుందేలమ్మ తన ఒంటి బొచ్చు పీకి పెద్దవాడికో బొంత, చిన్నదానికో బొంత, మామగారికో బొంత, చివరికి నాన్న కుందేలుకి అందరికంటే మందమైన బొంత కుడుతుంది. ఆఖరి పేజీలో అందరూ వెచ్చగా నిద్రపోతుంటారు. కుందేలమ్మ బోడి ఒంటితో ఓ మూల కూర్చుని నవ్వుతూ ఉంటుంది. 'అమ్మకి చలి వెయ్యదు' అన్నది ఆఖరి వాక్యం. ఆ నవ్వు చూసుకోవడానికే రోజూ పుస్తకం తెరిచేది. నాలుగో తరగతిలో ఉండగా ఆ కథ సినిమాగా వస్తే మూడుసార్లు చూసి, పెద్దయ్యాక అలాంటి అమ్మనే అవ్వాలని మూడుసార్లూ ఏడ్చింది.

"పాట చూసి నేర్చుకోమంది టీచర్," అంటూ పిల్ల టీవీలో ఆ సినిమా పెట్టింది. సూది పట్టుకునే ఆమె కూడా చూసింది.

మొదటి కుచ్చు పీకగానే కుందేలమ్మ కీచుమంది, వెనకాల డోలు మోగింది. రెండోది పీకగానే మళ్లీ కీచుమంది, ఈసారి కళ్లు గిర్రున తిరిగాయి. ఇదేదీ పుస్తకంలో లేదు, సినిమావాళ్లు నవ్వుల కోసం కలిపారు. కీచుమన్నప్పుడల్లా భర్త పగలబడి నవ్వుతున్నాడు. అత్తగారు నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. తెరమీద నాన్న కుందేలు తన బొంత తడిమి చూసుకుని, "ఇంకాస్త మందంగా ఉంటే బాగుండు," అన్నాడు. ఆమెకి రోత పుట్టింది. ఛీ, దీనికా నేను ఏడ్చింది!

"అచ్చం మీ అమ్మే," అన్నాడు భర్త పిల్లతో, ముద్దుగా.

అందులో అబద్ధమేమీ లేదు, అందుకే అంత అసహ్యం వేసింది. పోయిన చలికాలం ఆడపడుచు కుటుంబం వచ్చినప్పుడు దుప్పట్లు చాలలేదు. "దానికెందుకు, రోజంతా పని చేసే ఒళ్లు, చలెయ్యదు," అని అత్తగారు ఆమె దుప్పటి తీసి అల్లుడికి ఇచ్చింది. ఆమె రెండు తువ్వాళ్లు కప్పుకుని పడుకుని, తెల్లారాక బాగా నిద్రపట్టిందని చెప్పింది కూడా. ఆమె ఉద్యోగం చేసే ల్యాబ్‌లో తనతో కలిపి నలుగురు కెమిస్టులున్నా, సాయంత్రం గాజు సామానంతా కడిగేది ఆమే. "మీరు కడిగితే ఆ మెరుపే వేరమ్మా," అంటాడు మేనేజరు. ఆ మాటకి మురిసిపోయి ఇంకో పది బీకర్లు కడిగిన రోజులున్నాయి. ఎవరో పీకడమెందుకు, వాళ్లు చెయ్యి చాచకముందే తనే పీకి ఇస్తూ వచ్చింది.

తెరమీద ఆఖర్న బోడి కుందేలమ్మ పళ్లికిలించి నవ్వింది. అయినా పుస్తకంలో నవ్వు ఇంత వెకిలిగా లేదే, సినిమావాళ్లే పాడు చేశారు అనుకుంది. ఆ ఒక్కటైనా మిగుల్చుకోవాలనిపించింది. లేచి వెళ్లి, పడగ్గది అలమరలో అట్టడుగునున్న పాత పుస్తకం తీసి, ఆఖరి పేజీ కిటికీ వెలుతురులో పట్టుకుంది.

కుందేలమ్మ మూతి మీద ఎర్ర పెన్సిల్ గీత. ఎంత ఒత్తి గీశారంటే కాయితం అవతలికి ఉబికింది. వేలు తడి చేసి రుద్దితే అచ్చులో ఉన్న అసలు మూతి బయటపడింది. బిగించిన మూతి. బొమ్మ వేసినవాళ్లు నవ్వు పెట్టనే లేదు. ఆరేళ్లప్పుడు, ఆ బోడి ఒంటిని చూస్తూ ఊరుకోలేక తనే పెట్టింది ఆ నవ్వు. పెట్టి, ఆ సంగతి మరిచిపోయి, ముప్ఫయ్యేళ్లుగా దాన్నే నమ్ముకుని బతికింది. సినిమా చూస్తే కలిగిన రోత ఇప్పుడు తన మీదికే తిరిగింది.

"అమ్మా," అంటూ పిల్ల వచ్చి పక్కన నిలబడింది. "టీచర్ నన్ను తిట్టింది. పీకేటప్పుడు నవ్వట్లేదంట నేను."

"ఎందుకు నవ్వలేదే?"

"దానికి నొప్పెడుతుంది కదా. నవ్వెలా వస్తుంది?"

ఆమె పిల్ల గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. ఆ మూతి మీద ఇంకా ఎవరూ పెన్సిల్ పెట్టలేదు.

హాల్లోకి తిరిగొచ్చి చొక్కా ఒళ్లోకి తీసుకుంది. అప్పటికి కుట్టిన పన్నెండు టిచ్‌బటన్లూ కత్తెరతో తెంపి డబ్బాలో పడేసింది. రెండు పేటల దారం ఎక్కించి, కుచ్చుల్ని చొక్కాకే బిగించి కుట్టడం మొదలుపెట్టింది, ఒక్కోదానికి నాలుగేసి ముళ్లు.

"అలా కుడితే ఎలా ఊడతాయే?" అంది అత్తగారు.

"ఊడవండి."

"మరి నాటకమో?" అన్నాడు భర్త.

"రేపు టీచర్‌తో మాట్లాడతాను. మా కుందేలమ్మ ఇవ్వనంటుంది. ఇష్టమైతే నాటకం అక్కణ్నుంచి ఆడమంటాను, లేకపోతే నా కూతురు ఆ వేషం వెయ్యదు."

పిల్ల ఒక కుచ్చు పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది, అయినా రాలేదు.

"మరి నాన్న కుందేలుకి చలేస్తుంది కదమ్మా?"

ఆమె దారం పంటితో కొరికి తెంపింది.

"వెయ్యనీ. ఆయనకీ ఉందిగా ఒంటినిండా బొచ్చు."