కొండ, సముద్రం, ఆగు

కర్టెన్లక్కకు వ్యాను తోలడం వచ్చు. వెనక్కి తోలడం రాదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, ఆమె తమ్ముడికి తెలుసు. మూడో మనిషికి తెలియదు.

కిటికీ తెరలు కుట్టే దుకాణం నడుపుతుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె కర్టెన్లక్క. సరుకులు మోసి మోసి అరిగిన వ్యానొకటి కొంది. వడ్రంగి వెంటపడి అందులో మంచం వేయించింది, పొయ్యికి గట్టు కట్టించింది, నీళ్ల డ్రమ్ము బిగించుకుంది. తెరలు సరేసరి. సముద్రం ఒడ్డు పట్టుకుని, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న లైట్‌హౌస్ దాకా ఒక్కతే వెళ్లిరావాలని పంతం పట్టింది.

డ్రైవింగు తమ్ముడే నేర్పాడు. ముందుకు నేర్పాడు. వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడల్లా "నువ్వు దిగక్కా, నేనున్నాగా" అని తనే ఎక్కేవాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఒక్కతే వెళ్తానన్న రోజున ఇంట్లో రభస అయింది. తమ్ముడు తనూ వస్తానన్నాడు. ఆమె వద్దంది. మాటామాటా పెరిగి చివరికి ఒక ఒప్పందం దగ్గర ఆగింది. దారిలో ఒక్కసారి స్టీరింగు ఇంకొకరి చేతికిచ్చినా సరే, తాళాలు తమ్ముడివి. ఆ తర్వాత బండి అతను తోలితేనే కదలాలి. ఆమె సరేనంది.

"మా అక్క వెనక్కి తగ్గే మనిషి కాదులే," అని తమ్ముడు భార్యతో అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు ఎందుకో కర్టెన్లక్కకు అర్థమైంది, మరదలికి కాలేదు.

దారిలో ఆమె జాగ్రత్త ఆమె పడింది. ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోయే పెట్రోలు బంకుల్లోనే ఆగింది. గుండ్రంగా తిరిగే జాగా ఉంటేనే రోడ్డు దిగింది. ఒకచోట ఇసుక మీద వల ఆరబెట్టుకుంటున్న ఒకావిడ, తాడు టైరు కింద పడింది, కాస్త వెనక్కి తీయమ్మా అని అడిగింది. కర్టెన్లక్క ముందుకే పోయి, పడవలన్నీ చుట్టి, ఒడ్డంతా ఒక చుట్టు తిరిగి వచ్చి పక్కన ఆపింది.

"జానెడు జరపమంటే ఊరేగింపు చేశావేమ్మా," అందావిడ. తాడు దులుపుకుని, లోపల చూడొచ్చా అని వ్యానెక్కి, మంచం మీద కూర్చుని లేచి, తెరల కుట్టు వేళ్లతో తడిమి చూసి, తన మొగుడికి చెప్పకుండా తనూ ఒకటి కొంటానని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున రోడ్డు కొండెక్కింది. ఎడమ పక్క రాయి. కుడి పక్క అంచున వరసగా పాతిన రాళ్లు, వాటికి అవతల కింద సముద్రం. ఒక బండికే సరిపోయే దారి. అక్కడక్కడా ఎదురుబండికి తప్పుకోవడానికి కొండను కాస్త తొలిచారు. అలాంటి జాగా ఒకటి దాటి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఐసు లారీ నిలబడి ఉంది. దాని వెనక ఇంకో లారీ, దాని వెనక కార్లు.

లారీ డ్రైవరు తల బయటపెట్టి, వెనక్కి తీయక్కా, జాగా నీ వెనకే ఉంది అన్నాడు. ఆమె కదల్లేదు. అతను దిగి వచ్చాడు.

"నాకు వెనక్కి తోలడం రాదు," అంది కర్టెన్లక్క. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"మరి ఇంతదూరం ఎట్లా వచ్చావు?"

"ముందుకే వచ్చా."

డ్రైవరు ఆమె వంక చూశాడు, వెనక వరస వంక చూశాడు. లారీ కింద నీళ్లు కారుతున్నాయి. సరే దిగు, తాళం అందులోనే ఉంచు, నిమిషంలో పెట్టేస్తానన్నాడు. అతను అడిగింది న్యాయమే. తమ్ముడు ఎక్కడో ఉన్నాడు. చెప్పకపోతే తెలిసేది కాదు. కానీ తనకు తెలుస్తుంది. తెలిశాక ఆ తాళాలు చేతిలో పట్టుకుని ఏం చేసుకోవాలి?

ఆమె తలుపు గడియ వేసుకుంది. వెనక నిలబడి దారి చెప్పే మనిషి ఒకరుంటే చాలు, తనే తీస్తానంది.

లారీలో డ్రైవరు పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు. కూతురింటికి వెళ్తున్నాడు. రిటైరైన బస్సు కండక్టరు. ఇది తన పనేనన్నట్టు దిగి, పంచె ఎగదోపి, వ్యాను వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఆమె గేరు వేసింది. బండి వెనక్కి కదిలింది. పెద్దాయన గొంతు వినిపించింది. "రైట్... రైట్... రైట్..."

ఆమె స్టీరింగు కుడికి తిప్పింది. ఆయన ఇంకా రైట్ అంటూనే ఉన్నాడు. ఆమె ఇంకాస్త తిప్పింది. అంతలో పెద్దాయన బండి వెనక తలుపు మీద దబ్బున చరిచాడు. ఆమె బ్రేకు గట్టిగా తొక్కింది. వెనక చక్రం అంచు రాళ్లను ఆనుకుని ఆగింది.

పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆ పక్కకెందుకు తిప్పావు తల్లీ?"

"రైట్ అన్నారుగా. కుడికి తిప్పా."

"రైటంటే పోనీయమని. నా సర్వీసంతా అదే అన్నా. ఏ డ్రైవరూ కుడికి తిప్పలేదు."

"వాళ్లు బస్సు డ్రైవర్లు. నేను తెరలు కుట్టుకునేదాన్ని," అంది. స్టీరింగు వదల్లేదు. లారీ డ్రైవరు మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాడు. గడియ తీస్తుందేమోనని చూస్తున్నాడు.

ఆమె పెద్దాయనతో మాట్లాడింది. "రైట్ వద్దు, లెఫ్ట్ వద్దు. బండి తోక ఎటు పోవాలో అది చెప్పండి. కొండవైపైతే కొండ అనండి. ఇటైతే సముద్రం అనండి. చాలనిపిస్తే ఆగు. నాలుగో మాట అనకండి."

పెద్దాయన ఆ మూడు మాటలూ ఒకసారి పెదాలతో అనుకుని వెనక్కి వెళ్లాడు.

బండిని మొదట కాస్త ముందుకు తీసి అంచు నుంచి తప్పించింది. మళ్లీ వెనక గేరు.

"కొండ... కొండ... కొంచెం సముద్రం... రై... ఆగు!"

ఆగింది. అలవాటున నోరు జారిందని ఆయన చెంపలేసుకున్నాడు. కార్లలోవాళ్లు దిగి చూస్తున్నారు. ఎవరో నవ్వారు. ఆమె అద్దంలో చూసింది. కొండవైపు తిప్పితే తోక కొండకే పోతోంది. ఇంతే కదా అనుకుంది. ఇన్నాళ్లూ తమ్ముడు దాచిపెట్టింది ఇంతేనా?

"కొండ... కొండ... ఇంకా కొండ..." మలుపు తిరిగింది. "ఆగు!"

తొలిచిన జాగాలో వ్యాను పూర్తిగా పట్టింది. ఐసు లారీ ముక్కుతూ పక్కనుంచి పోయింది. కిటికీలోంచి కండక్టరు చెయ్యెత్తి "రైట్ రైట్" అన్నాడు. ఈసారి ఆమెకు అర్థమైంది.

అందరూ పోయాక తమ్ముడికి ఫోన్ చేసింది. కొండ మీద ఎదురుబండి వస్తే వెనక్కి తీసి దారిచ్చానని చెప్పింది.

"ఎవరు తీశారక్కా?"

"నేనే."

"నీకు రాదుగా."

"నువ్వు నేర్పలేదు," అంది ఆమె. "రాకపోవడం వేరు."

తాళాలు నీ దగ్గరే ఉంచుకోమన్నాడు తమ్ముడు. నా దగ్గరే ఉన్నాయిరా అని ఫోన్ పెట్టేసి బండి తీసింది.

లైట్‌హౌస్ కనబడే మలుపులో ఎదురుగా టూరిస్టుల బస్సు కొండ దిగి వస్తోంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టబోయాడు. అప్పటికే కర్టెన్లక్క గేరు మార్చేసింది. చెప్పేవాళ్లెవరూ లేరు. తనలో తనే కొండ, సముద్రం అనుకుంటూ తోకను జాగాలోకి పంపింది. బస్సు పక్కకొచ్చి ఆగింది.

"బాగా తీశారమ్మా. ఎన్నేళ్ల సర్వీసు?" అన్నాడు డ్రైవరు.

"పొద్దుటినుంచి," అంది కర్టెన్లక్క.