కుంకుడు నురుగు

ఇనాయతుల్లా కుంకుడుకాయలు కొడుతున్నాడు. వెల్డింగు చేసే మనిషి పొద్దున్నే షాపుకొచ్చి మొదట చేసే పని ఇదేనంటే కొత్తవాళ్ళు నమ్మరు. కాయను రాతిమీద పెట్టి, గింజ చితక్కుండా ఒక్క దెబ్బ వేస్తాడు. తొక్కలను లొట్టలు పడ్డ సత్తు గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, నురుగు గిన్నె అంచు దాటేదాకా పిసుకుతాడు. ఆ నురుగుతో మోచేతుల దాకా రుద్దుకుంటాడు. మిగిలినదాన్ని గ్యాసు గొట్టాల అతుకులకు పూసి, ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూస్తాడు. ఎక్కడైనా బుడగ లేచిందంటే అక్కడ గ్యాసు కారుతున్నట్టే. ఆ గొట్టాన్ని బాగుచేసేదాకా పని మొదలుపెట్టడు.

మేడ్చల్‌లో నాగపూర్ రోడ్డు పక్కన రేకుల కప్పు షాపు అది. యజమాని పరమేశ్ కుర్రతనం ఇంకా వదలని మనిషి.

"చిచ్చా, నమాజుకు తయారైతున్నవా, పనికి తయారైతున్నవా?" అని రోజూ అదే మాట అంటాడు, రోజూ తానే నవ్వుకుంటాడు.

"రెంటికీ చేతులు కడగాలె గద" అంటాడు ఇనాయతుల్లా, తలెత్తకుండానే.

యాభై దాటిన మనిషి. గడ్డం సగం నెరిసింది, ఎడమ కనుబొమ ఎప్పుడో కాలి మళ్ళీ మొలవలేదు. రవ్వలకు తూట్లు పడ్డ తోలుపట్టా కట్టుకుని, నల్లకళ్ళజోడు నొసటి మీదికి తోసుకుని తిరుగుతుంటాడు. చూడ్డానికి ఏమంత మనిషి కాదు. కానీ చేతులు చూడాలి. పది వేళ్ళూ పదిలంగా ఉన్నాయి. ఆ పనిలో తల నెరిసినవాడికి అది చిన్న సంగతి కాదు, ఆయనకు లోలోపల ఉన్న ఒకే ఒక్క గర్వం అది.

ఆ రోజు దసరా మర్నాడు. షాపు ముందు బొగ్గుగ్యాసు బస్సు ఆగి ఉంది. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క, బస్సులన్నీ వెనకాల పెద్ద డ్రమ్ము తగిలించుకుని, బొగ్గుల మంటతో దగ్గుకుంటూ నడుస్తున్న కాలం. ఈ బస్సు డ్రమ్ము పగిలింది. బొగ్గులు తీసి చల్లార్చారు. షామీర్‌పేట పోవలసినవాళ్ళు మూటలూ కోళ్ళూ పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. డ్రైవరు అంజయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఇనాయతుల్లా లోపలికి వెళ్ళి ఆక్సిజను సిలిండరు మీది గోనెపట్టా తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు.

సిలిండరు అడుగు నుంచి పైదాకా నిగనిగలాడుతోంది. మెడలో బంతిపూల దండ, ఇత్తడి మూత మీద పసుపు, దానిమీద రూపాయంత కుంకుమ బొట్టు. నువ్వుల నూనె మూత అంచు దాకా కారి ఆగింది. సుత్తికి, పట్టకారుకు, ఆకురాయికి పెట్టినట్టే దీనికీ ఆయుధపూజ చేశారు. చేసింది ఎవరో చెప్పనక్కరలేదు. పరమేశ్ తల్లి బుచ్చవ్వ.

మిగతా పనిముట్లకు నూనె మంచిదే. ఆక్సిజనుకు మాత్రం నూనె తగలకూడదు. తగిలిందా, అగ్గిపుల్లతో పనిలేదు, తనంత తానే భగ్గుమంటుంది.

"ఏంది చిచ్చా, నిలబడ్డవ్? బయట వాళ్లు నా పానం తీస్తున్నరు" అన్నాడు పరమేశ్.

"నూనె పెట్టిండ్రు."

"గుడ్డతోని తుడుస్తే అయిపాయె!"

"గుడ్డకు పోదు. జిడ్డుంటది."

"జర జల్దీ ఉస్తాద్, ఇట్లయితే మేం పొయ్యేటాళ్లకు పొద్దుగూకుతది" అని బయటినుంచి అంజయ్య కేకేశాడు.

ఇనాయతుల్లా కదల్లేదు. కడక్కుండా మూత తిప్పితే ప్రాణాల మీదికొస్తుంది. కడగడానికి గిన్నెలో నురుగు ఉండనే ఉంది. కానీ ఆ కుంకుమను తన చేత్తో ఎట్లా తుడిచేది? రోజూ ఎండ పొద్దుకు చెంబుతో చల్ల తెచ్చిచ్చే ముసలామె, చేతులారా పెట్టిన బొట్టు. దాన్ని తను తుడుస్తుంటే ఆమె చూస్తే, ఆమె మనసులో ఏమనుకుంటుంది? ఆ తలపుకే ఆయన చేతులు వెనక్కి పోయాయి.

అంతలో బుచ్చవ్వే వచ్చింది, చెంబు పట్టుకుని.

"ఇగో సల్ల. ఏం బిడ్డా, మంచిగ మెరుస్తలేదా? నిరుడు అన్నిటికి బొట్టు వెట్టి దీన్ని ఇడిసిపెట్టిన. ఏడాదంత మనసుల గుచ్చుకుంట ఉన్నది."

ఇనాయతుల్లా చెంబు అందుకుని పక్కన పెట్టాడు. ముసలామె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఆ షాపులో ఎవ్వరికీ ఎన్నడూ చెప్పని సంగతి ఆమెకు చెప్పాడు.

"అవ్వా, నాకు పని నేర్పినాయన అమీర్ అలీ. సికింద్రాబాద్‌ల ఉండె. ఒకనాడు బండి ఇరుసుకు నూనె వెట్టి, గా చేతులతోనే గిసొంటి సిలిండర్ మూత తిప్పిండు. బీడీ లేదు, మంట లేదు. ఉత్తగనే అంటుకున్నది. నేను పక్కనే ఉన్న. ముఖమంత కాలిపాయె. ఇంక బతకలె." కుంకుమ వైపు చూపించాడు. "నువ్వు పెట్టిన బొట్టు అవ్వా. నేనెట్ల తుడుస్త?"

బుచ్చవ్వ సిలిండరును, ఇనాయతుల్లాను, గడప దగ్గర నోరు తెరిచి నిలబడ్డ కొడుకును చూసింది. తర్వాత కొంగు బొడ్లో దోపింది.

"నాదే తప్పు బిడ్డా. నూనె రాసినంక తలకు పొయ్యాలె గద? సగం పని జేసి ఇడిసిపెట్టిన. తే, గా గిన్నె ఇటియ్యి."

పండగనాడు మనవడికి తలంటి పోసినట్టే పోసింది. దండ తీసి కళ్ళకద్దుకుంది. మూతను, మెడను, ఒళ్ళంతా నురుగు పెట్టి రుద్దింది. ఇనాయతుల్లా పక్కనే కూర్చుని కాయలు కొట్టి ఇస్తూ పోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే కుంకుడు రసం పడిందని తుడుచుకున్నాడు. పరమేశ్ నీళ్ళు మోశాడు. ఇనాయతుల్లా వేలితో మూత చుట్టూ తడిమి, వాసన చూసి, కొత్త గుడ్డతో ఒత్తి, బాగా ఆరనిచ్చాడు.

ఆ తర్వాత పని ఎంతసేపు! గోనెపట్టా అడ్డం కట్టి, మంటకేసి చూడొద్దని జనానికి చెప్పి, నల్లకళ్ళజోడు దించుకున్నాడు. అతుకు చక్కగా కుదిరింది. అంజయ్య డ్రమ్ములో బొగ్గులు పోసి రాజేశాడు. బస్సు ఒకసారి గట్టిగా దగ్గి, జనాన్నీ కోళ్ళనూ ఎక్కించుకుని షామీర్‌పేట దారి పట్టింది.

సాయంత్రం రైలుకట్ట దాటి ఇంటికి పోతుంటే ఆయనకు మనసు తేలిగ్గా ఉంది. గడపలో సైదా నిలబడి ఉంది. పెళ్ళయిన కొత్తలో అమీర్ అలీ చావు చూసిన మనిషి. ఆనాటినుంచీ భర్త చేతులు చూడందే లోపలికి రానివ్వదు.

"హాతాం బతావ్" అంది, చేతులు చూపించమని.

చేతులు చాపాడు. ఆమె తిప్పి తిప్పి చూసి, వాసన పట్టి, "ఏంది, పెండ్లికి పోయొచ్చినట్టు కుంకుడు వాసన?" అంది.

"బుచ్చవ్వ సిలిండర్‌కు తానం పోసింది" అని జరిగిందంతా చెప్పాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. చాయ్ తాగి, ఆజాన్ అయ్యేదాకా నడుం వాలుస్తానని మంచం మీద పడుకున్నాడు.

ఆజాన్ అయింది. సైదా పిలిచింది. మళ్ళీ పిలిచింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. మనిషి నిద్రలోనే పోయాడు.

నిప్పు తీసుకుపోతుందని ఇన్నేళ్ళూ వణికింది. నిప్పు ఆయన్ని ఏమీ చేయలేకపోయింది. రొమ్ము మీద ఉన్న ఆ రెండు చేతులూ ముఖానికి ఆనించుకుని సైదా చాలాసేపు ఏడ్చింది. వాటినుంచి ఇంకా కుంకుడు వాసనే వస్తోంది.

మరుసటి దసరాకు బుచ్చవ్వ పనిముట్లన్నిటికీ నూనె రాసి బొట్టు పెట్టింది. సిలిండరు దగ్గరికి మాత్రం నూనె గిన్నె తీసుకుపోలేదు. పొద్దున్నే కాయలు కొట్టి, పిసికి తెచ్చి దాని ముందు పెట్టింది లొట్టలు పడ్డ ఆ సత్తు గిన్నెను, అంచు దాటిన నురుగుతో.