అక్క విప్పేసిన కళ్ళు

అక్క గుడ్డబొమ్మల వెబ్‌సైట్‌కి కొన్ని నెలలుగా ఒక్క ఆర్డరూ లేదు. బొమ్మల మీదే ఆమె ఇల్లు గడవాలి.

"ఓసారి చూడరా, ఏమైనా పాడైందేమో" అని అక్క అడిగితే, తమ్ముడు తన ఫోన్‌లో తెరిచి చూశాడు. తను కట్టిన సైట్‌కి వంక ఉంటుందా మరి.

"సైట్‌కేం, నిక్షేపంలా ఉంది. బొమ్మల మొహాలే పాతబడ్డాయేమో, కళ్ళు కాస్త మార్చి చూడక్కా" అని నోటికొచ్చిన సలహా పారేసి వెళ్ళిపోయాడు. బొమ్మల గురించి అతనికి తెలిసింది గుండుసున్నా.

అక్క కళ్ళు మార్చినా ఆర్డర్లు రాలేదు. ఒక ఆదివారం అతను అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, తన ఫోన్‌లో చార్జింగ్ లేక, ఆమె ఫోన్‌లో అదే పేజీ తెరిచాడు. కొనడానికి నొక్కాల్సిన బటన్ చోట ఉత్త తెలుపు. అప్పుడు అర్థమైంది. అతని ఫోన్‌కి ఎప్పుడూ నల్ల తెరే, కళ్ళకి హాయని. ఆ నలుపు మీద తెల్ల అక్షరాలు ఇన్నాళ్ళూ అతనికి చక్కగా కనిపించాయి.

అక్షరాలు ముదురు నీలంలో ఉండాలని, సైట్ రంగులు రాసి ఉండే స్టైల్ ఫైల్లో రాశాడు. మారలేదు. కోడ్ తెరిచి చూస్తే, సైట్‌కి అతను వాడిన రెడీమేడ్ డిజైన్, అంటే థీమ్, బటన్ రాసిన లైన్లోనే ఒక స్టైల్ ఇరికించి ఉంది: రంగు తెలుపు. అక్కడున్న మాటే చెల్లుతుంది, బయట ఫైల్లో ఎంత మొత్తుకున్నా. థీమ్ రాసినవాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. అది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంటూ థీమ్ సెట్టింగుల్లోకి వెళ్ళాడు. 'బటన్ అక్షరాల రంగు: తెలుపు.' కొన్ని నెలల కిందట ఆ తెలుపు ఎంచుకున్నది అతనే, నల్ల తెర మీద అందంగా ఉందని. పాపం, థీమ్ అతను చెప్పిన మాటే విన్నది.

రంగు మార్చాడు. బటన్ కనిపించింది. చెప్పకుండా దాటేయొచ్చు, అక్కకి తెలిసే దారే లేదు. కానీ బల్ల కింద బుట్ట నిండా బొమ్మలు, కళ్ళ చోట కుట్లు విప్పిన చిల్లులతో ఉన్నాయి. అతనికి తల కొట్టేసినట్టయింది.

"అక్కా, తప్పంతా నాదే. కొనే బటనే ఎవరికీ కనపడలేదు. బొమ్మలకేం కాలేదు."

నాలుగు తిట్లు తినడానికి సిద్ధపడి తల దించుకున్నాడు.

"అయితే నా చెయ్యి చెడిపోలేదన్నమాట" అంది అక్క మెల్లగా. ఆమె సంతోషం చూడలేకపోయాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఆమె ఫోన్ మోగింది. ఆర్డర్. సైట్ ఫోటోలో ఉన్న నిద్రకళ్ళ పాప బొమ్మే, అచ్చం అలాగే కావాలట. అక్క గబగబా సూదిలో దారం ఎక్కించి కూర్చుంది. ఒక కన్ను కుట్టింది, విప్పింది. మళ్ళీ కుట్టి, మళ్ళీ విప్పింది.

"అన్ని రకాలుగా మార్చి చూశాను కదరా, మొదట్లో ఎలా కుట్టేదాన్నో మర్చిపోయాను" అంది. "నీ సైట్లో ఆ ఫోటో కాస్త పెద్దది చేసి చూపించు."