బుగ్గ కింద నీడ

ఇళ్ళకు రంగులు వేసేవాడికి బొమ్మలు కూడా వచ్చేస్తాయని ఆ ఇల్లాలికి ఎవరు చెప్పారో! "రంగులేస్తారుగా, వాడి ముఖం ఒక్కటి గీసివ్వలేరా?" అని భార్య అడిగితే పెయింటర్‌కు కాదనబుద్ధి కాలేదు.

పురిట్లోనే పోయిన బిడ్డ. ఆపరేషన్ మత్తులో ఉన్న తల్లి వాణ్ణి చూడనేలేదు. ఆమెకు తెలివి వచ్చేసరికి పెద్దవాళ్ళు జరగాల్సింది జరిపించేశారు. ఆ ముఖాన్ని తేరిపార చూసినవాడు తండ్రి ఒక్కడే. జేబులో ఫోన్ ఉంది. ఫొటో తీయాలని తోచి చావలేదు. తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

అయినా ముఖం మాత్రం కళ్ళకు కట్టినట్టే ఉంది. అదొక్కటే ధైర్యం. బడిపిల్లలు కొనే, బొమ్మలు గీయడం నేర్పే పుస్తకం, పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నాడు. ముందు గీతలు. అవి తిన్నగానే వచ్చాయి, గోడ అంచు తప్పకుండా రంగు వేసే చెయ్యి కదా. గుండ్రాల దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. ఒకటి గుమ్మడికాయ, ఇంకోటి వంకాయ.

"ఇది మనవాడి తల కాదు కదా?" అని భార్య ఎన్నాళ్ళకో నవ్వింది. ఆ నవ్వుతో అతనికి కొండంత ఆశ పుట్టింది.

ఆఖరున షేడింగ్. అక్కడొచ్చింది చిక్కు. బతుకంతా గోడ మీద మచ్చ కనబడకుండా రంగు కొట్టిన మనిషి. ఒకచోట ముదురు, ఒకచోట లేత అయితే మేస్త్రీ నానా మాటలూ అనేవాడు. ఇప్పుడేమో ఆ ముదురూ లేతా లేకపోతే బుగ్గ బుగ్గలా ఉండదట! ఎంత రుద్దినా బిడ్డ ముఖం పళ్ళెంలా చదునుగానే ఉంది.

అప్పుడు తట్టింది ఆ పాడు ఆలోచన. వీధి చివరే మరదలి ఇల్లు. ఆమె కొడుకు పాలు తాగి మధ్యాహ్నమంతా నిద్రపోతాడు. పని లేనప్పుడల్లా వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. కిటికీ వెలుతురు బుగ్గ మీద ఎక్కడ ఆగుతుందో, ముక్కు కింద నీడ ఎలా పడుతుందో చూసి చూసి గీశాడు.

"ఏంటి బావా, మావాణ్ణి ఎత్తుకుపోతావా ఏంటి?" అని మరదలు ఆటపట్టించింది.

పుస్తకం నిండేసరికి చెయ్యి తిరిగింది. ఒక ఉదయం మంచి కాగితం ముందేసుకుని, కన్నబిడ్డను తలచుకుని మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. గర్వంగా తెచ్చి భార్య ఒళ్ళో పెట్టాడు. ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసింది.

"ఇది మా చెల్లి కొడుకు కదండీ," అంది మెల్లగా.

లాక్కుని చూశాడు. వాడే. ఆ నుదురు, ఆ గడ్డం, అంతా వాడే.

"పోనీలెండి, మళ్ళీ గీద్దురుగాని. మనవాడి ముక్కు ఎవరి పోలిక? మీదా, నాదా?"

పెయింటర్ కళ్ళు మూసుకున్నాడు. ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. తెల్లగుడ్డ గుర్తొచ్చింది, దాన్ని తొలగించిన తన వేళ్ళు గుర్తొచ్చాయి. గుడ్డ కింద మరదలి కొడుకు హాయిగా నిద్రపోతున్నాడు.

"చెప్పండీ," అని ఆమె భుజం పట్టుకుని కుదిపింది.

"తెలీదే... నాకూ తెలీదు," అని అతను బావురుమన్నాడు.